లెఫ్ట్ కార్నర్ పక్కవాడు

ప్రతి ఏడాదీ కాలేజీల మధ్య కబడ్డీ పోటీలు అయిపోయిన వారంలో నేనొక లిస్టు రాస్తాను. విజయవాడలో ఓ డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా నాది ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఈ లిస్టు రాయమని కాలేజీ చెప్పలేదు, యూనివర్సిటీ చెప్పలేదు. ప్రొఫెషనల్ లీగులో ఆడే ఒక జట్టుకి ఆటగాళ్ళని వెతికిపెట్టే ఒకాయన హైదరాబాద్‌లో ఉంటాడు. ఏడేళ్ళ కిందట ఫోన్ చేసి, "వేలానికి ముందు కొత్తవాళ్ళకి ట్రయల్స్ పెడతాం మేడమ్. మీ వైపు కుర్రాళ్ళలో ఎవరెలా ఆడుతున్నారో పొజిషన్ల వారీగా నంబర్లు వేసి పంపుతారా?" అన్నాడు. అప్పటినుంచీ పంపుతున్నాను.

ప్రతి పొజిషన్‌లోనూ మొదటి ఇద్దరినే ఆయన పిలుస్తాడు. అందుకని మూడో నంబరు వచ్చినా ముప్ఫయ్యో నంబరు వచ్చినా కుర్రాడికి ఒకటే. ఆ సంగతి తెలిసి కూడా నేను ఐదు వరకూ రాస్తాను. చూసినదంతా రాయకపోతే నాకు తోచదు.

లిస్టు సంగతి బయటికి పొక్కాక ఇంటికి మనుషులు రావడం మొదలైంది. మాది భవానీపురం. ఓసారి నూజివీడు వైపునుంచి ఒకాయన పెట్టెడు రసాలు తెచ్చి గుమ్మంలో దింపాడు. వద్దంటే వినలేదు. సరే, తిన్నాం. చాలా బాగున్నాయి. వాళ్ళబ్బాయి నంబరు మాత్రం నాలుగే ఉంచాను. మరుసటి ఏడు మామిడిపళ్ళు రాలేదు. నాకు నోరు ఎక్కువనీ, ఒకసారి నంబరు వేస్తే దేవుడు దిగొచ్చినా మార్చదనీ మిగతా కాలేజీల పి.డి.లు అనుకునేవాళ్ళు. ఆ మాట నా చెవిన పడితే లోపల్లోపల మురిసిపోయేదాన్ని.

కబడ్డీ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. కోర్టులో ఏడుగురు నిలబడతారు. రెండు చివర్లా కార్నర్లు, వాళ్ళ పక్కన ఇన్, ఆ పక్కన కవర్, నడిమధ్య సెంటర్. కూతకొచ్చినవాడి కాలు దొరకబుచ్చుకోవడం ఎక్కువగా కార్నర్ పని. ఇన్‌లో ఉండేవాళ్ళు సాధారణంగా అవతలి కోర్టులోకి కూతకు వెళ్ళి పాయింట్లు తెచ్చే రైడర్లు. అందుకని ఇన్ ఆటగాళ్ళకి వాళ్ళు తెచ్చిన పాయింట్లని బట్టే నంబరు వేసేదాన్ని. కార్నర్లని మాత్రం కళ్ళారా చూసి వేసేదాన్ని. నేనూ ఒకప్పుడు యూనివర్సిటీకి లెఫ్ట్ కార్నర్ ఆడినదాన్నే. నా కుడి మోకాలు అక్కడే పోయింది. ఇప్పటికీ మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటాను.

రెండేళ్ళ కిందట మా కాలేజీ జట్టులో ఒక బావా బావమరిది ఉండేవాళ్ళు. మైలవరం దగ్గరి ఊరు. బావ లెఫ్ట్ కార్నర్. పక్కన లెఫ్ట్ ఇన్‌లో బావమరిది. చిన్నప్పుడు మామిడి తోటలో గీతలు గీసుకుని ఆడిన దగ్గర్నుంచీ వాళ్ళ స్థానాలు అవే. బావ పొడగరి, మాటకారి. బావమరిది పొట్టి, నోట్లో నాలుక లేనివాడు, కానీ బావ ఒక్కడి దగ్గర మాత్రం మాటకి మాట అప్పగించేవాడు. ప్రాక్టీసు అయ్యాక నిమ్మసోడా తాగుతూ ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకోవడం వాళ్ళకి రోజూ ఉండేదే.

"మావాణ్ణి కూతకి పంపితే అవతలోళ్ళకి చుట్టం వచ్చినట్టేనండి. మర్యాద చేసి అక్కడే కూర్చోబెట్టుకుంటారు" అనేవాడు బావ.

"నేను లేకపోతే నువ్వు దూకినప్పుడల్లా నేలే దొరుకుద్ది బావా, కాలు దొరకదు" అనేవాడు బావమరిది.

అందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను.

ఆ ఏడు ఫైనల్లో బావ ఆరుగురిని పట్టాడు. ఆరో పట్టుకి నేను కుర్చీలోంచి లేచిపోయాను. రైడర్ వెనక్కి తిరిగే ముందు వెనక కాలు ఒక్క క్షణం నేలకి ఆనుకుని ఉంటుంది. సరిగ్గా అప్పుడే దూకాలి. ముందు దూకితే ఎగిరి తప్పించుకుంటాడు, ఆలస్యంగా దూకితే గీత దాటేస్తాడు. బావ ఆరుసార్లూ ఆ క్షణంలోనే దూకాడు. ఇంటికి వచ్చి లెఫ్ట్ కార్నర్ కింద ఒకటో నంబరు రాసేశాను. బావమరిది కూతకి వెళ్ళి ఆ టోర్నమెంటు మొత్తంలో చెప్పుకోదగ్గ పాయింట్లేమీ తేలేదు. లెఫ్ట్ ఇన్ కింద అతనికి ఐదు వేశాను. అది కూడా మా కాలేజీవాడని వేశానేమో అని అనుమానం వచ్చి మళ్ళీ ఒకసారి లెక్క చూసుకున్నాను కూడా.

మర్నాడు అతను నా గదికి వచ్చాడు. ఒక్కడే. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మేడమ్, నాకిది ఆఖరి ఏడాదండి. ఈసారి పిలుపు రాకపోతే వన్ టౌన్‌లో మా బాబాయి గారి కొట్లో కూర్చోమంటున్నారండి. ఇక ఆడనివ్వరండి."

"అయితే?"

"మా బావతోపాటు నన్ను కూడా పంపండి మేడమ్. మేమిద్దరం కలిస్తేనే ఆటండి."

నాకు ఒళ్ళు మండింది. పళ్ళబుట్టలతో వచ్చినవాళ్ళని తిప్పికొట్టిన మనిషిని నేను. "జంటగా పంపడానికి ఇదేమన్నా పేరంటమా? నువ్వు ఎన్ని పాయింట్లు తెచ్చావో నీకు తెలుసా?" అన్నాను. తల దించుకున్నాడు. ఇంకేదో చెప్పబోయి, నా మొహం చూసి ఆగిపోయి, "సరేనండి" అని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే లిస్టు వాట్సాప్‌లో పంపించేశాను. సిఫార్సుకి లొంగలేదన్న తృప్తి కూడా మిగిలింది నాకు.

బావకి పిలుపొచ్చింది. కాలేజీలో హడావిడి చేశాం, ప్రిన్సిపాల్ గారు శాలువా కప్పారు. బావమరిదే స్టేషన్‌కి వెళ్ళి రైలెక్కించి వచ్చాడట.

మూడో రోజు హైదరాబాద్ ఆయన ఫోన్. "మేడమ్, మీ లిస్టులో ఒకటో నంబరంటే నేను కళ్ళు మూసుకుని నమ్ముతాను. ఈ అబ్బాయికి బలం ఉంది, పట్టు ఉంది. ఎప్పుడు దూకాలో మాత్రం తెలియట్లేదు. పన్నెండుసార్లు దూకితే రెండు దొరికాయి. పంపించేస్తున్నాం."

నాకు తల కొట్టేసినట్టయింది. అబ్బాయికి అవకాశం పోయిందన్న బాధకంటే నా నంబరు తప్పిందన్న బాధే ఎక్కువ. ఉన్నమాట చెప్పాలి కదా. అతను తిరిగొచ్చి కాలేజీకి రాగానే గ్రౌండ్‌లోనే నిలబెట్టి, "పరువంతా గంగలో కలిపావు కదరా" అని మొదలుపెట్టాను. ఎంత తిట్టినా నవ్వుతూ పడేవాడు ఆ రోజు నవ్వలేదు.

"అక్కడ నా పక్కన నిలబెట్టినోడు చెయ్యి ఊరికే పట్టుకున్నాడండి. నొక్కలేదు."

"ఆడలేక మద్దెల ఓడందిట. నొక్కడమేంటి?"

"మావాడు నొక్కుతాడు కదండీ. రైడర్ నావైపు తిరిగితే నేను వాడి చేతులు చూసుకోవాలండి, కాళ్ళు నాకు కనపడవు. మావాడు పక్కనుంచి వాడి వెనక కాలే చూస్తా ఉంటాడు. అది నేలకి ఆనగానే నా చెయ్యి నొక్కి వదిలేస్తాడు. నేను దూకేస్తాను. అంతేనండి. నేనెప్పుడూ కాలు చూసి దూకలేదండి."

కార్నర్‌లో ఉన్నవాడు, ఇన్‌లో ఉన్నవాడు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడతారు. కబడ్డీ చూసిన ప్రతివాళ్ళకీ తెలిసిన సంగతే. అంతగా తెలిసిందే కాబట్టి నేను దాన్ని చూడటం మానేశాను.

ఇంటికి వెళ్ళి ఫోన్‌లో ఉన్న ఫైనల్ వీడియో పెట్టాను. బావని చూడకుండా ఆ రెండు చేతులనే చూశాను. మొదటి పట్టు. బావమరిది తల కిందికి ఉంది, చూపు రైడర్ మడమ మీద ఉంది. మణికట్టు చిన్నగా బిగిసింది, వేళ్ళు విడిపోయాయి, బావ గాల్లో ఉన్నాడు. రెండోది అంతే. ఆరూ అంతే. ఆరో పట్టు తర్వాత జట్టంతా బావ మీద పడి భుజాలు చరుస్తుంటే బావమరిది ఒక్కడూ తన చోటికి వెళ్ళి నిలబడి నిక్కరుకి అంటిన దుమ్ము దులుపుకుంటున్నాడు. వీడియోలో ఒక మూల నేను లేచి చప్పట్లు కొట్టడం కూడా పడింది.

నేనాడే రోజుల్లో నా పక్కన ఇన్‌లో ఒకమ్మాయి ఉండేది. బందరు అమ్మాయి. అరచెయ్యి ఎప్పుడూ చల్లగా ఉండేది. ఆమె కూడా నొక్కేదా? నొక్కే ఉండాలి. నాకు గుర్తులేదు. పతకాలు, పేపర్లో ఫోటో, అన్నీ గుర్తున్నాయి. కార్నర్ ఆడినవాళ్ళకి కార్నరే కనిపిస్తుంది. చాలా సిగ్గేసింది. అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

వెంటనే హైదరాబాద్ ఆయనకి ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పి, ఇద్దరినీ కలిపి ఒక్క గంట చూడమని అడిగాను. ఎవరి కోసమూ ఎవరినీ బతిమాలని దాన్ని బతిమాలాను. ఆయన మంచివాడే. "ముందే రాసుంటే ఇద్దరినీ పిలిచేవాణ్ణి మేడమ్. ఇప్పుడు వేలానికి పేర్లు వెళ్ళిపోయాయి" అన్నాడు.

పరీక్షలయ్యాయి. బావ మళ్ళీ ప్రయత్నిస్తానని గ్రౌండ్‌కి వస్తూనే ఉన్నాడు. బావమరిది రాలేదు. ఫోన్లో చెప్పే మాట కాదనిపించి జూన్‌లో ఒకరోజు వన్ టౌన్ వెళ్ళాను. స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు. బిందెల వరసల మధ్య నిలబడి ఎవరికో పళ్ళేలు కట్టిస్తున్నాడు. నన్ను చూసి కంగారుగా కుర్చీ తుడిచి వేశాడు, ఫ్యాను నావైపు తిప్పాడు, టీ తెప్పించాడు.

"వీడియో మళ్ళీ చూశాను. చెయ్యి చూశాను. నువ్వు చెప్పబోతే విననిదాన్ని నేనే. తప్పు నాది" అన్నాను. కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడటం నాకు అలవాటే, కానీ ఆ నాలుగు మాటలూ టీ గ్లాసులోకి చూస్తూ చెప్పాను.

"అయ్యో, అదేం లేదండి" అన్నాడు. మళ్ళీ తనే, "పర్లేదండి, ఒక్క నంబరులోనే కదండీ పోయింది. మా బావ చెప్పాడండి, మీరు నాకు మూడు వేశారని" అన్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు అతని మొహంలో కొంచెం గర్వం కూడా ఉంది.

మూడు అని ఊరుకోవచ్చు. వాళ్ళ బావ ఎంతో ఆలోచించి చెప్పిన అబద్ధం అది. కానీ వేసిన నంబరు మార్చడం నాకు చేతకాదు.

"ఐదు" అన్నాను.

చేతిలో ఉన్న పళ్ళేన్ని వరసలో పెట్టాడు. పక్కదాన్ని దానితో సమానంగా సర్దాడు. "మా బావ ఎప్పుడూ ఇంతేనండి" అని నవ్వాడు. నవ్వు చివరిదాకా రాలేదు.

నేను లేచాను. ఆటోలు రోడ్డు అవతల ఆగుతాయి. మధ్యలో తోపుడుబళ్ళు, బళ్ళ మీద మూటలు, ఎటునుంచి ఎవరొస్తారో తెలియదు. నా మోకాలి సంగతి కాలేజీలో అందరికీ తెలుసు. "ఉండండి మేడమ్" అని అతను కొట్టు దిగి వచ్చి నా కుడి చెయ్యి పట్టుకున్నాడు. నేను ఎదురుగా వస్తున్న లారీని చూస్తున్నాను. అతను దేన్ని చూస్తున్నాడో నాకు తెలియదు. చెయ్యి ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలాడు.

నా కాలు దానంతటదే కదిలింది. మోకాలు పోయాక ఏ రోడ్డూ అంత వేగంగా దాటలేదు నేను. అవతలి గట్టున నిలబడి వెనక్కి చూస్తే లారీ అడ్డొచ్చింది, అది వెళ్ళేసరికి అతను బిందెల మధ్యకి వెళ్ళిపోయాడు. ఆటోవాడు ఎక్కడికండీ అని రెండుసార్లు అడిగాడు. బందరు అమ్మాయి నొక్కేది. ప్రతిసారీ నొక్కేది.