లక్ష్మక్క సైకిల్ మీద ఆలంపూర్ దాకా

గురువారం తెల్లవారుజామున ఐదున్నరకు మోత్కూరు బస్టాండు దగ్గర లక్ష్మక్క సైకిల్ సీటు నాలుగు వేళ్ళు పైకి లేపి బిగించాను. పదేళ్ళు ఆ సైకిల్ మీదే ఆమె ఇంటింటికీ కూరగాయలు అమ్మింది. నిరుడు లారీ తగిలి మోకాలి కింద కాలు పోయింది. చంకకర్ర మీద నిలబడి నన్ను చూస్తూ, "లేపు శ్రీనూ, నీ పొడుగుకు గంత కావాలె. ఊకెనే తుప్పు పడుతాంది, తీస్కపో" అంది.

ఆమెకు పెట్టుడు కాలు కోసం మేం ముగ్గురు మిత్రులం చందాలు అడగబోతే, విత్తనాల దుకాణం వెంకటయ్య సేటు మెలిక పెట్టాడు. "ఆదివారం నేను ఇంటోళ్ళతోని ఆలంపూర్ జోగులాంబ దర్శనానికి పోతున్న. మీరు ఆడిదాక సైకిల్ తొక్కుండ్రి. పగలు ఒంటిగంటకు గుడి మూసేలోపల ముగ్గురు నా ముంగటుండాలె. ఆటో గీటో ఎక్కితే లెక్కలేదు. చేరిన్రా, కాలు ఖర్చంత నాది."

నాకు ఒళ్ళు మండింది. మనిషి కాలు మీద పందెమా? సైదులు మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాడు. "మంచి మోక అన్నా, గిసొంటి చాన్సు ఇడువద్దు." అతను కరెంటు పని చేస్తాడు, గొర్లకాపరుల బిడ్డ. మూడోవాడు నర్సింహ, మాట తక్కువ. పంపూ పానాలూ వాడి సంచిలోనే.

ఏడున్నరకు రామన్నపేటలో ఇడ్లీ, చాయ్. "బస్సు కిరాయికి పైసల్లేవా బిడ్డా?" అంది హోటలు అవ్వ. సంగతి చెప్పాక ఒక్కొక్కరి ప్లేటులో ఇంకో రెండు ఇడ్లీలు వేసింది. రెండు గంటలకు నల్గొండ. లాడ్జిలో ఒకటే గది, సైకిళ్ళు మెట్ల కింద. శుక్రవారం దేవరకొండ, డిండి దాటి కల్వకుర్తి చేరేసరికి చీకటి పడింది, ఫంక్షన్ హాల్లో నేల మీదే పడుకున్నాం. ఆ దారంతా ఎత్తుపల్లాలే. ఎక్కేటప్పుడు ప్రాణం పోయింది గానీ దిగేటప్పుడు నలభై దాటిన ముగ్గురం పెడబొబ్బలు పెట్టుకుంటూ దిగాం. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా లేదు. శనివారం నాగర్‌కర్నూల్‌లో జొన్నరొట్టె తిని, సాయంత్రానికి వనపర్తి.

ఆదివారం ఐదింటికే కదిలాం. ఏడింటికి పెబ్బేరు దాటాక, కోసిన పొలంలో గొర్ల మంద కనబడింది. ఎరువు కోసం రైతులు పొలంలో మందను ఆపించుకుంటారు, చుట్టూ తుమ్మకంప కంచె వేస్తారు. "మనోళ్ళే, పాలచాయ్ దొరుకుతది" అంటూ సైదులు దారి తీశాడు. ఇంటికొచ్చినంత ధీమాగా మూడు సైకిళ్ళనూ ఆ కంచెకే ఆనించాడు. మేమూ చూస్తూ ఊరుకున్నాం.

చాయ్ తాగి వచ్చేసరికి ఆరు టైర్లూ చప్పబడి ఉన్నాయి. మంద జాగా మారినప్పుడల్లా రాలిన ముళ్ళు పొలమంతా పరుచుకొని ఉన్నాయట. "చెప్పులేసుకున్నోనికి ముల్లెట్ల ఎరుకైతదిరా? గొర్లకాపరి ఇంట్ల పుట్టినవా నువ్వు?" అని కాపరి మల్లయ్య తాత సైదులును దులిపేశాడు.

గొర్లు నీళ్ళు తాగే తొట్టిలో ట్యూబులు ముంచి నర్సింహ అతుకులేశాడు. ఐదు టైర్లకు సరిపోయాయి. లక్ష్మక్క సైకిల్ వెనక ట్యూబుకు తొమ్మిది చిల్లులు, అతుకులు అయిపోయాయి. హైవే మీది పంచర్ షాపులన్నీ లారీలవే. ఎనిమిదిన్నర అయింది, ఇంకా యాభై కిలోమీటర్లు. నాకు ఏడుపొచ్చింది. ఆ అక్కకు ఏం మొహం చూపించాలి?

"ఫికర్ జెయ్యకు. చిన్నగున్నప్పుడు మేం గిట్లనే తొక్కినం" అంటూ తాత ట్యూబు లాగి పారేసి, వరిగడ్డి తడిపి, తాడులా పేని టైరులో కూరాడు. కర్రతో పొడిచి పొడిచి గట్టిచేశాడు.

అబ్బ, ఆ యాభై కిలోమీటర్లు నా నడుమునడగండి. ఎడ్లబండి దానికన్నా నయం. కృష్ణ వంతెన మీద చల్లగాలి కొడుతుంటే సైదులు వెనకనుంచి పాట ఎత్తుకున్నాడు, తప్పంతా తనదైనా. పన్నెండుంపావుకు ఎర్రరాతి గుడి శిఖరాలు కనబడ్డాయి. వెంకటయ్య సేటు చేతిగడియారం చూసుకుంటూ బయటే నిలబడ్డాడు. నా టైరులోంచి వేలాడుతున్న గడ్డిని వంగి పట్టుకు చూశాడు. ఆయన ముఖం మెత్తబడింది.

"మంగళారం ఆమెను దవాఖానకు నేనే తోల్కపోత" అన్నాడు. నా కోపం అక్కడే పోయింది.

తిరుగు ప్రయాణం నల్గొండకు ఖాళీగా పోతున్న డీసీఎం వ్యానులో, సైకిళ్ళ మధ్య. ఈ దారిన పోయేవాళ్ళు ట్యూబులు రెండు ఎక్కువ పెట్టుకోండి. దిగిన చోటల్లా మనుషులే ఆదుకుంటారు, అది మాత్రం నమ్మండి. జడ్చర్ల దగ్గర లక్ష్మక్కకు ఫోన్ చేసి చెప్పాను. విని ముందు సైకిల్ గురించే అడిగింది.

"నా సైకిల్ మంచిగున్నదా?"

"ఎనుక టైరుల గడ్డి ఉన్నదక్కా. కొత్త ట్యూబు ఏపిస్త."

"అది సరే గని, సీటు కిందికి దించి తీస్కరా. గంత మీదుంటే నాకు కాళ్ళందయి."

నర్సింహ దగ్గర పానా తీసుకొని, కదిలే బండిలోనే సీటు నాలుగు వేళ్ళు దించాను.