లాయరునే నిలదీసిన చిన్నతల్లి పిన్ని

మా చిన్నతల్లి పిన్నికి ప్రశ్న వేయకుండా మాట్లాడటం రాదు. ఎవరైనా చనిపోయారని చెబితే ‘అయ్యో’ అనే ముందు ‘ఎన్నింటికి?’ అంటుంది. మలేసియాలోని సుంగై పెటానిలో మా వీధికి వచ్చే పోస్ట్‌మ్యాన్ ఆమె ఉత్తరాలన్నీ పక్కింట్లో ఇచ్చి పారిపోతాడు.

రెండేళ్ల కిందట ఒక ఉదయం నేను మోటార్‌సైకిల్ మీద గ్లవ్స్ ఫ్యాక్టరీకి వెళ్తుంటే, సందులోంచి వచ్చిన కారు గుద్దేసింది. కుడికాలి ఎముక రెండుచోట్ల విరిగింది. ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి పిన్ని డాక్టరును గోడకు ఆనించి అడుగుతోంది.

“ఎముక ఇరిగినప్పుడు సప్పుడొస్తాదా డాక్టరూ? మావోడికి ఇనపడుంటాదా?”

డాక్టరు నా వైపు జాలిగా చూశాడు. కాలు విరిగినందుకు కాదని నాకు అర్థమైంది.

మూడోరోజు శరవణ్ అనే అతను కాగితాలు పట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు.

“ఆంటీ, తంబిని ఇక్కడ సంతకం పెట్టమనండి. కేసంతా మా లాయర్ చూసుకుంటారు.”

“మీ లాయరు పేరేటి?”

“చాలా పెద్ద లాయర్, ఆంటీ.”

“పెద్దంటే? ఒయసా, ఒళ్లా?”

“పేరున్న లాయర్, ఆంటీ!”

“పేరుంటే సెప్పవేటి? నువ్వెప్పుడైనా సూసినావా ఆయన్ని? మావోడి కాలిరిగినట్టు నీకెవులు సెప్పినారు?”

శరవణ్ కాగితాలు చంకలో పెట్టుకుని నడిచాడు. లిఫ్టు దాకా పిన్ని వెంట వెళ్లింది. అతను లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయాడట.

ఆసుపత్రి నుంచి వచ్చాక పిన్నే లాయర్ల వేటకు బయల్దేరింది. నేను కర్రల మీద వెనక. మొదటి లాయరుకు ఆమె నాలుగో ప్రశ్న దగ్గర కోర్టుకు వెళ్లాల్సిన పని గుర్తొచ్చింది. ఆ రోజు కోర్టుకు సెలవు. రెండో ఆయన “మీరేమీ కంగారు పడకండి” అన్నాడు. “పడొద్దంటే, పడాల్సిందేటో ఉన్నాదన్నమాటేనా?” అంది పిన్ని. ఆయనే కంగారు పడ్డాడు.

మూడో లాయరు వినోదిని. మోటార్‌సైకిల్ విడిభాగాల దుకాణం పైన ఒక గది, అందులో ఆమె. పిన్ని నోరు తెరిచేలోపే ఆమె అడిగింది.

“అబ్బాయి ఎక్కడికి పోతావుంటే దెబ్బ తగిలింది, అమ్మా?”

తననే ఎవరో ప్రశ్న అడిగేసరికి పిన్ని నా వైపు తిరిగింది. నేనే చెప్పాను, పనికి వెళ్తుంటే అని.

“అయితే ముందు సోక్సోకి పోండి. ప్రభుత్వం వాళ్ల ఉద్యోగుల బీమా. పనికి పోయే దారిలో దెబ్బ తగిలితే తప్పు ఎవరిదని అడగరు, ఇస్తారు. దానికి లాయరు అవసరం లేదు. కారు బీమా మీద కేసు వేరే. అక్కడ తప్పు ఎవరిదో తేల్చాలి. అది నేను చూస్తాను.”

“లాయరివై ఉండి లాయరక్కర్లేదంటన్నావు. నువ్వు నిజెం లాయరువేనా?”

వినోదిని నవ్వి గోడ మీది సర్టిఫికెట్ చూపించింది. పిన్ని లేచి వెళ్లి దాన్ని రెండుసార్లు చదివింది.

చిక్కు ఒకటే. నేను పడింది రోజూ వెళ్లే రోడ్డు మీద కాదు, వెనక వీధిలో. ఆ రోజు పెద్ద రోడ్డు మూసేశారని ఆ వీధిలోకి మళ్లాను. ఆ మాటకు రుజువు లేదు. సొంత పని మీద దారి మళ్లానని సోక్సోవాళ్లు అనుకుంటే ఆ బీమా రాదు. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని రోజులు. నాకు అన్నం సహించలేదు.

పిన్ని మాత్రం గొడుగు తీసుకుని వెళ్లి, రెండు రోజులు ఆ రోడ్డు మీద ఉన్న ప్రతి కొట్టువాడినీ అడిగింది. చివరికి దండలు కట్టి అమ్మే కామాచ్చి దొరికింది. ఆ ఉదయం నీళ్ల పైపు పగిలి రోడ్డు మూసేశారట. తన బల్ల కింద పారుతున్న నీళ్లనూ, రోడ్డుకు అడ్డం పెట్టిన బోర్డునూ ఆమె ఫోన్‌లో ఫొటో తీసి ఉంచింది.

నా దరఖాస్తు మంజూరైంది. కారు కేసు వినోదిని ఏడాదికి గెలిపించింది. కానీ నేను మరిచిపోలేనిది సోక్సో ఆఫీసులో ఆ ఫొటో ఇచ్చిన రోజు.

అధికారి ఫొటో తీసుకుని, ఫారం మీద ముద్ర వేసి, ఇక వెళ్లవచ్చన్నాడు. పిన్ని కదల్లేదు. మలయ్‌లో, హాలంతా మోగేలా మొదలుపెట్టింది. తప్పు మనదైనా ఇస్తారా? కంపెనీవాళ్లు ఫారం పంపకపోతే ఎవరికి చెప్పాలి? రాయడం రానివాళ్లకు ఎవరు రాసిపెడతారు? అన్నీ వినోదిని అప్పటికే రెండేసిసార్లు చెప్పినవే. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె చెయ్యి పట్టి లాగాను.

“పిన్నీ, ఇవన్నీ నీకు తెలుసు కదా!”

“నాకు తెల్సురా. నీ ఎనకాల కూకున్నాయనకి తెల్దు. పొద్దుటి నుంచీ ఆ కాయితం మడత ఇప్పతన్నాడు, మళ్లీ మడతెడతన్నాడు. అడగడానికి సిగ్గు. నానడిగితే ఆయన ఇంటాడు కదా?”

తిరిగి చూశాను. చేతికి కట్టు కట్టుకున్న ఒక పెద్దాయన బెంచీ అంచుకు జరిగి వింటున్నాడు. పక్కనున్న ఆవిడ అధికారి చెప్పినవి అరచేతి మీద పెన్నుతో రాసుకుంటోంది. వాళ్లు అడగలేని ప్రశ్నలు ఇంకా మిగిలే ఉన్నాయని ఆ ముఖాలు చూస్తే తెలిసింది.

నేను గొంతు సవరించుకున్నాను. ముద్ర పడిన ఫారం చేతిలో పట్టుకునే, అధికారిని మలయ్‌లో అడిగాను.

“సార్, ఈ ఫారం ఎక్కడ ఇవ్వాలి?”

అధికారి ఫారం వైపు, నా వైపు వింతగా చూశాడు. పిన్ని నా డొక్కలో పొడిచింది.

“గట్టిగా అడగరా, ఎనకోల్లకి ఇనపడొద్దేటి?”