బాపు దినం నాడు పావురాలు
ఈ రోజు మా నాన్న దినం. బాపు అని పిలిచేదాన్ని. వాకిట్లో విస్తరి వేసి, ఆయనకిష్టమైన చేపల కూర, అన్నం పెట్టి కాకి కోసం చూశాం. ఎంతసేపటికీ ఏదీ వాలలేదు. పోయినవాళ్లకు కోరిక మిగిలితే పిట్ట ముట్టదని మా వైపు నమ్మకం.

"బిడ్డ పెండ్లి గాలేదని రంది పడుతున్నడు," అన్నాడు బాపు వాళ్లన్న, మా పెద్దబాపు. "సదువు బందు జేసి పెండ్లి జేసుకుంటనని మొక్కు బిడ్డా, గిప్పుడే ముడుతది."

మా ఇంట్లో మొదట బడి మెట్లెక్కింది నేనే. సైకిల్ మీద దింపి వచ్చింది బాపే. చెరుకు తోట పని ముగిశాక మంజీరలో గాలం వేసేవాడు, భజనలో డోలక్ కొట్టేవాడు, పావురాలు పెంచేవాడు. నా పెండ్లి మాట మాత్రం ఏనాడూ ఎత్తలేదు.

నేను మొక్కలేదు. లేచి పావురాల గూడు తలుపు తీశాను. అవి నేరుగా విస్తరి మీద వాలి మెతుకులు ఏరుకు తిన్నాయి.

"కాకి ముట్టాలె గని పావురాలేందే?" పెద్దబాపు గద్దించాడు.

"బాపు కాకులను పెంచలే, పెద్దబాపు. పెంచినయే వచ్చినయ్. సోమవారం నేను నిజామాబాద్ కాలేజీకి పోతున్న."

ఆయన అన్నం ముట్టకుండా వెళ్లిపోయాడు. ఏడుస్తున్న నా తల్లి, అవ్వ మాత్రం నవ్వింది. బాపు కోరిక ఎవరికి తెలుసంటారు, పెద్దబాపుకా, నాకా?