పువ్వు చూడనిదే పేరు రాయని మనిషి

మా బోటనీ మేడం పోయారన్న సంగతి నాకు ఫోన్లో మెరుస్తున్న గులాబీల బొమ్మ కింద తెలిసింది. క్లాసు ముగించుకుని స్టాఫ్ రూములో కూర్చున్నాను. పాత విద్యార్థుల గ్రూపులో, నీటిబొట్లు మిలమిలలాడే గులాబీల మధ్య ఆవిడ పాత ఫోటో పెట్టి, కింద 'మీ ఆత్మకు శాంతి కలగాలి' అని రాశారు. అది పెట్టినది మా కాలేజీలోనే చదివిన, మా ఊరి పార్కు కమిటీ ప్రెసిడెంటు. ఏడుపు రావలసిన చోట నాకు ముందు రోత పుట్టింది. ఇది రాయడానికి కూర్చున్నా ఆ రోత పోలేదు. దాన్ని పక్కన పెట్టి మర్యాదగా రాద్దామనుకున్నాను. కానీ దేన్ని చూసి రోయాలో నాకు నేర్పినది కూడా ఆవిడే. అందుకని ఉండనిస్తున్నాను.

శృంగవరపుకోటకి అవతల, మా ఊరిని ఆనుకుని ఒక చిన్న కొండ ఉంది. తూర్పు కనుమల్లోంచి జారిపడి వేరుగా నిలబడిపోయినట్టు ఉంటుంది. దాని మీద పెద్ద అడవేమీ లేదు. పొదలు, రాళ్లు, ఎండాకాలం ముందు ఆకులన్నీ రాల్చేసి పసుపు పూలతో నిలబడే కొండగోగులు, కొడిశపాలలు, కింద ఎప్పుడూ తడి ఆరని ఒక ఊటనేల. ఆ కొండ మీద పూసే ప్రతి మొక్కనీ చూసి, పేరు తేల్చి, జాబితా రాయాలని మేడం రిటైరయ్యాక పూనుకున్నారు. డిగ్రీ కాలేజీలో ఆవిడ దగ్గర చదువుకుని, అప్పటికి పక్క ఊరి హైస్కూల్లో టీచరుగా చేరిన నన్ను తోడు రమ్మన్నారు. ఎందుకు మేడం అని అడిగితే, నీకు మోకాళ్లు బాగున్నాయి అన్నారు.

ఆ మాట అర్థం కావడానికి నాకు చలికాలం దాకా పట్టింది. ఒక రోజు మేడం ఊటనేల దగ్గర ఆగి, ఏమైనా కనిపిస్తోందా అన్నారు. తడి ఇసుక, నాచు తప్ప ఏమీ లేదన్నాను. కాలేజీలో అచ్చు పుస్తకంలా మాట్లాడే మనిషి కొండెక్కితే బొబ్బిలి దగ్గర పుట్టింటి మాటలోకి దిగిపోయేవారు.

"నిలబడి సూస్తే ఏటి కనబడతాది? మోకాళ్ల మీద కూకో" అన్నారు.

కూర్చున్నాను. రూపాయి బిళ్లంత మొక్క, మధ్యలో సన్నని కాడ మీద ఒక చిన్న తెల్లపువ్వు. నేలకి అంటుకుపోయిన ఎర్రటి ఆకుల చుట్టూ వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసనా జిగురు బొట్టు. ఒక బొట్టుకి చిన్న దోమ అంటుకుని ఉంది. దాన్ని కవరమొగ్గ అంటారని, పురుగుల్ని తిని బతుకుతుందని చెప్పారు. నేను కాగితం మీద 'చాలా అందంగా ఉంది' అని రాసుకున్నాను. ఆవిడ తొంగిచూసి, అందం సంగతి ఎవరూ అడగలేదు, రేకులెన్నో రాయి అన్నారు. ఆ మాట ఇప్పటికీ మా స్కూల్లో పిల్లల రికార్డులు దిద్దుతున్నప్పుడు నా నోట వస్తూ ఉంటుంది.

మేడం పెళ్లి చేసుకోలేదు. చెల్లెలితో కలిసి ఉండేవారు. చెల్లెల్ని నేను పిన్నీ అంటాను. పిన్ని కొండెక్కేది కాదు. మేం దిగే వేళకి కింద చింతచెట్టు దగ్గర టిఫిన్ డబ్బాతో కూర్చుని ఉండేది. మేడం మట్టి చేతులతోనే ఉప్మా తినబోతే కసిరేది. మొక్కల్ని పాత పేపర్ల మధ్య పెట్టి అదిమి ఎండబెట్టడానికి ఇంట్లో మంచాల కిందా, బియ్యం డబ్బాల కిందా, దేవుడి గది అరుగు మీదా చోటు చేసుకున్నారు. దేవుడికి పూలు పెట్టబోతే కింద ఏ కొమ్మ ఎండుతోందో అని చూసుకోవాల్సి వస్తోందని పిన్ని నాతో ఫిర్యాదు చేసేది. చేస్తూనే, ఆ రోజు తడిసిన పేపర్లు తీసి పొడివి మార్చేది.

పువ్వు చూడనిదే పేరు రాయకూడదన్నది మేడం నియమం. ఆకుని బట్టి అంతా తెలిసిపోయినా సరే, జాబితాలో ఎక్కదు. కొండ వెనక వాలులో ఒక సన్నని తీగ ఉండేది. దాని పువ్వు కోసం కాచుకుంటే ఒక ఏడు మేకలు తినేశాయి. తర్వాతి ఏడు వర్షాలు మొహం చాటేశాయి. నేను విసిగి, పుస్తకం చూసి పేరు రాసేద్దాం మేడం అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపుకి ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ మరుసటి ఏడు, మంచి వాన కురిసి తెరిపిచ్చిన పొద్దున వెళితే, తీగ మొదలు నుంచి కొస దాకా చిన్న చిన్న పూలు నిక్కి నిలబడి ఉన్నాయి. పొట్ట ఉబ్బిన బుడ్డీ దీపాల్లా, పైన గొడుగు పట్టినట్టు. మేడం ఆ బురదలోనే చతికిలబడి, చీర సంగతి మరిచిపోయి, నవ్వుతూ కూర్చున్నారు. అంత హాయిగా నవ్వగా నేను ఆవిడను అంతకు ముందు చూడలేదు.

ఆవిడను సాత్వికురాలని గ్రూపులో ఎవరో రాశారు. కాదు. ఆవిడకి ఒళ్లు మండితే పక్కన నిలబడలేం. కార్తీకమాసంలో వనభోజనాలకి వచ్చినవాళ్లు వెళ్లిపోయాక కొండ కింద ఉండే కంపుని ఆవిడ భరించలేకపోయేవారు. తిని పడేసిన ప్లాస్టిక్ ఆకులు, సగం సగం మిగిల్చిన పులిహోర మీద ముసిరిన ఈగలు, సీసా పెంకులు, పుట్టినరోజు బుడగల తోళ్లు. ఉసిరిచెట్టుకి పసుపు కుంకుమలు పెట్టి, ఆ చెట్టు మొదట్లోనే పిల్లల డైపర్లు వదిలిపోయిన సంగతి ఆవిడ ఏళ్ల తరబడి మరిచిపోలేదు. ఊటనేల పక్కన నిలబడి ఉచ్చ పోస్తున్న ఒక పెద్దమనిషిని, జిప్పు పెట్టుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా తరిమారు. అతను, పిచ్చిమొక్కలే కదమ్మా అన్నాడు. పిచ్చి నీకే అన్నారు.

కొన్నేళ్ల శ్రమకి జాబితా ఒక కొలిక్కి వచ్చింది. అప్పుడే ఊళ్లో కొత్తగా పెట్టిన పార్కు కమిటీ వాళ్లు మేడం ఇంటికొచ్చారు. ప్రెసిడెంటు మేడం కాళ్లకి దణ్ణం పెట్టాడు. కొండని కాపాడదామని, చుట్టూ కంచె వేసి జీవవైవిధ్య పార్కు చేద్దామని, మీ జాబితా ఇస్తే మొక్కలకి పేరు బోర్డులు పెడదామని అన్నాడు. మేడం అంత తేలిగ్గా ఎవరినీ నమ్మరు. కానీ కంచె అన్న మాటకి నమ్మారు. కంచె పడితే ఆ ప్లాస్టిక్ ఆకుల గోల తప్పుతుందనుకున్నారు. పేర్లన్నీ శుభ్రంగా తిరగరాసి, ఏ మొక్క ఎక్కడుందో పటం గీసి, చేతికిచ్చారు.

ఆ ఎండాకాలం ఆవిడకి కంటి ఆపరేషన్ అయింది. దుమ్ము తగలకూడదని పిన్ని ఆవిడను బొబ్బిలి తీసుకుపోయి అన్నగారింట ఉంచింది. నేను పరీక్ష పేపర్లు దిద్దడానికి విజయనగరం వెళ్లి, అక్కణ్ణుంచి మా అత్తవారింటికి పోయాను. మేం తిరిగొచ్చేసరికి ఊరి వైపు కంచె పడింది. కంచె లోపల కొండ ముందు వాలు అంతా పొక్లెయిన్ పెట్టి గీకేశారు. చర్మం ఒలిచినట్టు ఎర్రగా ఉంది. ఊటనేల మీద సిమెంటు పోసి ఫౌంటెన్ కట్టారు. మధ్యలో రెండు తెల్ల కొంగల బొమ్మలు. నర్సరీ నుంచి లారీలో తెచ్చిన రంగురంగుల క్రోటన్లు వరసగా నాటారు. వాటి ముందు ఆకుపచ్చ రంగు బోర్డుల మీద, తప్పు లేకుండా, మేడం ఇచ్చిన పేర్లు.

ప్రారంభోత్సవానికి ఆవిడనే ముఖ్య అతిథిగా పిలిచారు. పిన్ని వెళ్లొద్దంది. మేడం నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వచ్చారు. మెడలో దండ వేశారు. శాలువా కప్పారు. కొండ రూపురేఖలు మార్చిన మహానుభావులంటూ ఒకరినొకరు పొగుడుకున్నారు. మైకు ఆవిడ చేతికిస్తే, తీసుకుని వేదిక దిగి, నడుచుకుంటూ ఫౌంటెన్ దగ్గరికి పోయారు. ప్రెసిడెంటు చేతులు నలుపుకుంటూ వెనకే పోయాడు.

"ఇక్కడ కవరమొగ్గ అని బోర్డెట్టారు. పేరు నేనిచ్చినదే. మొక్కేదీ?" అన్నారు.

అతను నవ్వి, డెవలప్‌మెంట్‌లో కొన్ని పోతాయి మేడంగారూ, పేరైతే నిలబెట్టాం కదా అన్నాడు.

"మొక్కని సంపేసి దాని పేరు కర్రకి కొట్టారు. నాకు రోతగా ఉన్నాది" అన్నారు మేడం. గొంతు పెంచలేదు. మైకులో ఆ మాట కొండకి తగిలి తిరిగొచ్చింది.

తర్వాత మైకు అతని చేతిలో పెట్టి, బోర్డుని రెండు చేతులా పట్టుకుని పీకేశారు. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి సులువుగానే వచ్చింది. పక్కదీ పీకారు. మూడో దాని దగ్గరికి నేను కూడా వెళ్లాను. మొక్క లేని బోర్డులు ఒక్కొక్కటీ పీకి ఫౌంటెన్ గట్టు మీద పేర్చాం. ఎవరూ అడ్డు రాలేదు. ఫోన్లు ఎత్తి వీడియోలు తీశారు. మర్నాటికి ఊళ్లో, మేడంకి వయసు మీద పడి మతి చలించిందన్న మాట పుట్టింది. ఆ మాట ఎవరి ఇంట్లో పుట్టిందో అందరికీ తెలుసు. మేం పై అధికారులకి అర్జీ పెడితే, పిచ్చిమొక్కలు తొలగించి సుందరీకరణ చేపట్టామని జవాబు వచ్చింది. మేడం అది చదివి, అదే కాగితాన్ని మడిచి ఒక కొమ్మ అదిమిపెట్టడానికి వాడుకున్నారు.

ఆ తర్వాత ఆవిడ ఆ గేటు తొక్కలేదు. అవతలి ఊరి వైపు నుంచి చుట్టూ తిరిగి, వెనక వాలు ఎక్కేవాళ్లం. జాబితా మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. పాతది చూసి ఎత్తిరాయనివ్వలేదు. ఉన్నదో లేదో తెలియకుండా పేరు రాస్తే ఆ బోర్డులోళ్లకీ మనకీ తేడా ఏటి అనేవారు. పువ్వు కంటపడ్డది మాత్రమే కొత్త జాబితాలో ఎక్కింది. కొత్తది పాతదానికన్నా చాలా పొట్టిగా తయారైంది. ఒకసారి నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తే కళ్లు మసకేస్తాయి, వెనక్కి పోయి కూర్చో అన్నారు. ఆవిడకి అప్పటికి ఒక కన్నే సరిగ్గా కనిపించేది. భూతద్దం ఆ కంటికి ఆనించి, పొట్టలో ఆకలి సంగతి తెలియకుండా, మధ్యాహ్నం దాకా ఒక గడ్డిపువ్వు దగ్గరే ఉండిపోయేవారు. విసుగు, కోపం, ఈసడింపు, అన్నీ మనుషుల మీదే. పువ్వు దగ్గర ఆవిడ చెయ్యి ఎప్పుడూ మెత్తగానే ఉండేది.

ఆవిడ పోయిన రోజు పొద్దున కూడా పేపర్లు మార్చారట. కాఫీ తాగి, తల తిరుగుతోందని పడుకున్నారు. పిన్ని మళ్లీ వెళ్లి లేపబోయేసరికి ఇక లేరు.

పదకొండో రోజు దాటాక కమిటీ వాళ్లు మళ్లీ ఇంటికొచ్చారు. నేను అక్కడే ఉన్నాను. ప్రెసిడెంటు పళ్ల బుట్ట కింద పెట్టి, కళ్లు తుడుచుకుని, పార్కుకి మేడంగారి పేరు పెట్టాలని తీర్మానించామని, గేటు మీద పెద్ద అక్షరాలతో రాయిస్తామని, పిన్ని సరేనంటే చాలునని అన్నాడు. పీకిన బోర్డుల గురించి గానీ, మతి చలించిందన్న మాట గురించి గానీ అతని ముఖంలో జాడ కూడా లేదు. అంత నున్నగా ఉన్న ముఖాన్ని చూడలేక నేను పళ్ల బుట్ట వైపు తిరిగాను.

పిన్ని నెమ్మదస్తురాలు. అక్క కోపాలన్నిటికీ ఊరికి సర్దిచెప్పిన మనిషి. ఒప్పుకుంటుందేమోనని నాకు భయం వేసింది.

"మా అక్క పేరు ఆ గేటుకి ఎట్టొద్దు బాబూ" అంది పిన్ని. "బతికున్నప్పుడు ఆ గేటులోంచి రాను అన్నాది. సచ్చాక ఈడ్సుకెల్తారేటి? ఆ పళ్లు తీసుకెల్లిపోండి."

వాళ్లు వెళ్లాక పిన్ని ముఖం కడుక్కుని, ఆ మాట అన్నది నేనేనా అని నన్నడిగింది.

అదిమి ఎండబెట్టిన మొక్కలన్నిటికీ మేడం పనిచేసిన కాలేజీలో చోటు అడిగితే లేదన్నారు. విశాఖపట్నంలో పరిశోధన చేస్తున్న ఆవిడ శిష్యురాలొకామె వచ్చి, ఒక్కో కాగితం చూసుకుంటూ పట్టుకుపోయింది. కొత్త జాబితా నా దగ్గరుంది. వానలు పడితే వెనక వాలుకి నేను పోతున్నాను. పిన్ని చింతచెట్టు దాకా వస్తోంది.

పార్కుకి పేరు కొరత లేకపోయింది. నెల తిరక్కుండానే ఎవరో నాయకుడి తండ్రి పేరు పెట్టారు. నిన్న బడి నుంచి వస్తూ ఆ దారిన పోవలసి వచ్చింది. గేటు మీది కొత్త పేరు కింద కొత్తగా ప్లాస్టిక్ గడ్డి పరిచారు. దాని మీద దుమ్ము పట్టిందని ఒక పనామె పైపు పెట్టి కడుగుతోంది. నీళ్లు ఆ పచ్చదనం మీంచి చుక్క కూడా ఇంకకుండా జారి, గట్టు దాటి, నా చెప్పుల పక్కనుంచి నురగలు కట్టుకుంటూ రోడ్డు మీదికి పారాయి.