మూడు ఇంజన్ల దసరా

మొన్న తాడేపల్లిగూడెంలో జాకెట్టు కుట్టడానికిచ్చి బల్ల దగ్గర నిలబడి ఉండగా, టైలరు మిషనుకి రెండు చుక్కల నూనె వేసి మోటారు ఆన్ చేశాడు. వేడెక్కుతున్న చిన్న మోటారు వాసనా, పల్చటి నూనె వాసనా కలిసి ముక్కుకి తగిలేసరికి నాకు నిలవబుద్ధి కాలేదు. చీటీ తీసుకోవడం కూడా మరిచి రోడ్డు మీదికొచ్చి అటూ ఇటూ తిరిగాను. అది ఏలూరులో మా పిన్ని వాళ్ల మేడగది వాసన.

మాది పెంటపాడు. చిన్నప్పుడు నేను ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. నోట్లో ముద్ద ఉండగానే కంచం దగ్గర్నుంచి లేచిపోయేదాన్ని, తొక్కుడుబిళ్ల సగంలో వదిలేసి అచ్చంగాయలకి, అవీ విసుగొస్తే కాలవ గట్టుకి పరిగెత్తేదాన్ని. "దీని కాళ్లకి చక్రాలున్నాయి" అని విసుక్కుని, సెలవులిస్తే చాలు, అమ్మ నన్ను ఏలూరులో తన చెల్లెలింటికి పంపేసేది. పిన్ని పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పేది. బాబాయికి కొల్లేరు పక్కన చేపల చెరువులు. వారంలో సగం రోజులు అక్కడే ఉండిపోయేవాడు. ఇంట్లో పిన్నీ, బాబాయి వాళ్లమ్మగారూ ఉండేవారు. ఆవిణ్ణి నేను మామ్మగారు అనేదాన్ని.

పిన్నికి బొమ్మ రైళ్లంటే ప్రాణం. మేడ మీద గది నాలుగు గోడల వెంబడీ నడుమెత్తున చెక్కలు బిగించి, వాటి మీద పట్టాలు పరిచింది. విదేశాల్నుంచి ఒక్కొక్కటే తెప్పించుకున్న ఇంజన్లు మూడు, జానెడు పొడవున్నవి, గాజు తలుపుల బీరువాలో ఉండేవి. ఒక్కో దాని కడుపులో గోరంత చిప్, దానికో నంబరు. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉన్నా, చేతిలో ఉన్న కంట్రోలు మీద ఏ నంబరు నొక్కితే ఆ ఇంజనే కదిలేది. మూడింటికీ కలిపి ఇంకో ఉమ్మడి నంబరిస్తే, ఒక్క మీట తిప్పితే మూడూ కలిసి ఒకే బండిని లాగాలి. కానీ మూడింటి మోటార్లూ మూడు రకాలు. మీట అదే గీత మీదున్నా ఒకటి ఉరికేది, ఒకటి ఈడిగిలబడేది. అందుకని ఒక్కొక్కదాన్నీ మీట మీది ప్రతి గీతకీ విడిగా తిప్పి, గది చుట్టి రావడానికి ఎన్ని సెకన్లు పడుతోందో రాసుకుని, దాన్నిబట్టి చిప్‌లో అంకెలు సర్దాలి.

ఆ ఏడు దసరాకి పిన్ని బండిని మామ్మగారి బొమ్మల కొలువులో పెడతానంది. మామ్మగారి కొలువంటే వీధికంతటికీ పండగ. పాత నేతచీరల పేలికల్లో చుట్టి ట్రంకుపెట్టెలో దాచిన మట్టిబొమ్మల్ని ఒక్కొక్కటే తీసి, తడి కొంగుతో తుడిచి, పిల్లలకి ఒళ్లు తుడిచినట్టే చెవుల వెనకా మెడ కిందా కూడా తుడిచేది. ఇంటినిండా నానబోసిన శెనగల వాసన, బంతిపూల ఘాటు, గాలి తిరిగితే కొల్లేటి వైపు నుంచి నాచు వాసన.

"బొమ్మల మధ్య ఇనప బండేవిటమ్మా?" అంది మామ్మగారు.

"అదీ బొమ్మే కదండీ, అత్తయ్యగారూ."

రెండు రోజులు ఆలోచించి ఒప్పుకుంది. "కింది మెట్టు చుట్టూ పెట్టుకో. నా బొమ్మలకి మాత్రం తగలకూడదు."

పిన్నికి కాలేజీలో రికార్డులు దిద్దే పని. సెకన్లు చూసే పని నాకప్పగించి, చేతి గడియారం విప్పి నా మణికట్టుకి కట్టింది. మొదటి ఇంజను సరిగానే చూశాను. రెండోది ఎలాగో పూర్తి చేశాను. నెమ్మదిగా నడిపితే ఒక్క చుట్టుకి రెండు నిమిషాలు. అరికాళ్లు జిలజిలలాడేవి, కింద వీధిలో పిల్లల కేకలు వినిపించేవి. మూడోదాన్ని అసలు పట్టాలెక్కించలేదు. మొదటిదాని అంకెలకే ఒక్కొక్క సెకను కలిపి రాసేసి మెట్లు దిగిపోయాను.

పేరంటానికి హాలు నిండింది. కింది మెట్టు చుట్టూ వేసిన పట్టాల మీద ముందు రెండు ఇంజన్లు, నడుమ ఖాళీ పెట్టెలు, వెనక నుంచి తోయడానికి మూడోది. పిన్ని మీట తిప్పగానే బండి ముచ్చటగా కదిలింది, అందరూ అబ్బ అన్నారు. నేను దొంగ అంకెలు రాసిన మూడో ఇంజనుకి మిగతా రెండింటికంటే ఉరుకుడు ఎక్కువ. మలుపులో అది వెనక నుంచి తోసేసరికి ఖాళీ పెట్టెలు నడుమ మడతపడి లేచి, మెట్టు మీది గొల్లభామ మీద పడ్డాయి. మామ్మగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న బొమ్మ అది. నెత్తి మీది పాలకుండ విరిగి నేల మీద మూడు ముక్కలైంది.

"నా లెక్క తప్పిందండీ, అత్తయ్యగారూ," అంది పిన్ని. మామ్మగారు ముక్కలు ఏరి కొంగున కట్టుకుంది. పేరంటాళ్లు గబగబా తాంబూలాలు తీసుకుని వెళ్లిపోయారు. నేను గది గదికీ తిరిగాను, పెరట్లోకి పోయాను, మళ్లీ వచ్చాను. ఎక్కడా కాలు నిలవలేదు. చివరికి మేడెక్కి చెప్పేశాను.

పిన్ని నేను రాసిన కాగితమే చూస్తోంది. "అన్ని చుట్లకీ సరిగ్గా ఒక్క సెకనే తేడానా, బుజ్జీ? ముందే చూసుకోవాల్సింది నేను. ఆ మాట నాక్కాదు, మామ్మగారికి చెప్పు."

మామ్మగారు వంటింట్లో మిగిలిన శెనగలు వేరే గిన్నెలోకి తీస్తోంది. నేను ఏడుస్తూ చెప్పినదంతా విని, గరిటె పక్కన పెట్టింది.

"అయితే మీ పిన్ని లెక్క తప్పలేదన్నమాట."

"లేదండీ."

"అందరి ముందూ తనమీద వేసుకుంది పిచ్చిది." మళ్లీ గరిటె అందుకుని అంది, "రేపు సరిగ్గా చూసి రాయి. ఎల్లుండి మళ్లీ పిలుస్తాను అందర్నీ."

మర్నాడు పొద్దుటి నుంచి దీపాలవేళ దాకా మేడగదిలోనే ఉన్నాను. కూర్చోలేదు, మూడో ఇంజను పక్కనే గోడ వెంబడి నడుస్తూ చూశాను. అసలు తేడా ఒక్కొక్క గీత దగ్గర పదిహేను సెకన్లు! ఆ మర్నాడు పేరంటాళ్లంతా వచ్చాక పిన్ని కంట్రోలు మామ్మగారి చేతికిచ్చింది. ఆవిడ పెదాలు బిగబట్టి మీట తిప్పింది. మూడు ఇంజన్లూ ఒక్క అడుగు పడ్డట్టు కదిలి, మలుపు దాటి, తలమీద కుండలేని గొల్లభామ ముందు నుంచి వెళ్లాయి. "మా కోడలు చేసిందండీ," అంది మామ్మగారు, వరసపెట్టి అందరితోనూ.

ఇప్పుడు మామ్మగారు లేదు. పేరంటాలు పిలిచే వీధి కూడా లేదు. పెంకుటిళ్ల చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. రిటైరయ్యాక పిన్ని, బాబాయితో పాటు కొల్లేటి దగ్గర చెరువుల పక్కకి మారిపోయింది. అక్కడి చెమ్మకి పట్టాలు పాడవుతున్నాయని ఇంజన్లు అమ్మేసింది, ముగ్గురికి, మూడు ఊళ్లలో. ఎలా అమ్మబుద్ధేసిందని ఫోనులో దెబ్బలాడాను.

"నడవకపోతే మోటార్లు పట్టేస్తాయే," అంది. "కొన్నవాళ్లు ముందుగా అడిగిందేమిటో తెలుసా? లోపల మనం సర్దిన అంకెలు ఎలా చెరపాలీ అని."

"చెప్పావా?"

"చెప్పాను," అంది పిన్ని.