కిటికీ దాకా నడిచిన అక్క

ఆపరేషనయ్యాక పడుకోకుండా తిరిగింది కాబట్టే అక్క పోయిందని మా బంధువులు ఇప్పటికీ అంటుంటారు. అది నిజం కాదు.

అక్కకు అండాశయ క్యాన్సర్. ఈ జబ్బులో రక్తం తొందరగా గడ్డకడుతుందనీ, ఆపరేషన్ తర్వాత కాళ్లలో కట్టిన గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణానికే ప్రమాదమనీ, ఇంజెక్షన్లతో పాటు నడక కూడా ముఖ్యమనీ డాక్టరమ్మ చెప్పింది. అక్క ఒక చేత్తో పొట్ట అదిమిపట్టుకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని, ఆసుపత్రి వరండా చివర పోర్టు క్రేన్లు కనిపించే కిటికీ దాకా నడిచేది. అక్కడి ఊచను వేలితో తట్టి వెనక్కి తిరిగేది.

"ముట్టకపోతే ఎల్లినట్టు కాదురా," అనేది.

ఆ ఆదివారం సబ్బవరం నుంచి మా పిన్నివాళ్లు ఆటో నిండా దిగారు. నడుస్తున్న అక్కను చూసి పిన్ని నవ్వింది. "ఏటే, మంచం మీదున్నావని కొబ్బరిబొండాలు మోసుకొత్తే నువ్వు సికార్లు సేత్తన్నావేటి?"

నాకు తల కొట్టేసినట్టయింది. "పడుకో అక్కా, బాగోదు," అన్నాను.

"డాట్రమ్మ నడమంది కదరా."

"ఆళ్లెల్లాక నడుద్దువులే."

అక్క దుప్పటి కప్పుకుని పడుకుంది. వాళ్లు వెళ్తే ఇంకొకరు వచ్చారు. మర్నాడూ అంతే. ఆ సాయంత్రానికి ఎడమ పిక్క వాచింది, తర్వాత ఆయాసం మొదలైంది.

నడిచినా గడ్డ కట్టేదేమో చెప్పలేమంది డాక్టరమ్మ. ఆ మాట అడ్డం పెట్టుకుని, పడుకోమన్నది నేనేనని బంధువుల దగ్గర ఇన్నాళ్లూ నోరు విప్పలేదు.

ఐసీయూకి తీసుకెళ్తుంటే స్ట్రెచర్ ఆ కిటికీ పక్కనుంచే వెళ్లింది. అక్క చెయ్యి చాపింది. ఊచ అందలేదు.