పక్షాలు పోనీ సార్

జమ్మలమడుగు హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన సారు పోయిన మహాలయ పక్షాల్లో చనిపోయారు. తెల్లవారుజామున గుండెలో నొప్పి అన్నారట, ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. నేను అమ్మా అని పిలిచే సారు భార్యే ఫోన్ చేసి చెప్పింది. ఆ సమయానికి ప్రొద్దుటూరులో నా మెకానిక్ షెడ్డులో, ఆయన కారుకు బిగించాల్సిన టర్బో, గుడ్డ కప్పుకుని అరమీద ఉంది. దాని వైపు చూడలేక షట్టరు దించి బయలుదేరాను.

సారు ఓపిక లేని మనిషి. బడిలో గంట కొట్టకముందే లెక్క మొదలుపెట్టేవారు. మేం జవాబుకు నోరు తెరిచేలోపు సుద్దముక్క వచ్చి తగిలేది. రిటైరయ్యాక కూడా హోటల్లో దోసె ఆలస్యమైతే పోయి పెనం పక్కనే నిలబడేవారు. అలాంటి మనిషి నా మాట మీద నెలల తరబడి ఆగారు. అదే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

ఆయన పాత డీజిల్ కారు రెండు లక్షల కిలోమీటర్లు ఎప్పుడో దాటింది. పులివెందుల దగ్గర ఆయనకు చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉంది. అమ్మను ఎక్కించుకుని వారం వారం పోయేవారు. దారిలో ముద్దనూరు గాటు, ఆ కొండ ఎక్కుడు, వచ్చిందంటే కారుకు ఆయాసం. రెండో గేరు, ఏసీ బంద్, వెనక సిమెంటు లారీల హారన్లు, పక్కన అమ్మ కొంగుతో విసురుకోవడం. ఒకరోజు షెడ్డుకొచ్చి అన్నారు: "అబ్బీ, మీ అమ్మ ఒక్కసారన్నా చెమట తుడుసుకోకుండా ఆ గాటు ఎక్కాల. దీనికి టర్బో ఎయ్యి."

కొత్త కారు కొనుక్కోమంటే వినలేదు. ఇంజనులోకి గాలిని తోసి బలం పెంచే టర్బోను అరిగిన ఇంజనుకు పెట్టడమంటే ముసలెద్దును ముల్లుగర్రతో పొడిచి పరిగెత్తించడమే, గాలి గట్టిగా తోస్తే ముందు పాత పిస్టన్ రింగులే పోతాయి అని చెప్పాను. గేజీ పెట్టి చూస్తే ఒక సిలిండరులో కంప్రెషన్ సగం కూడా లేదు. ఇంజను దించి రింగులు, బేరింగులు, గ్యాస్కెట్టు, ఆయిల్ పంపు కొత్తవి వేశాను, రేడియేటరు కడిగించాను. కొత్త రింగులు కుదురుకునేదాకా టర్బో లేకుండా మెల్లగా తిప్పండి, బరువు వేయొద్దు, గాటు ఎక్కించొద్దు అన్నాను.

ఆయన అక్షరాలా అలాగే చేశారు. ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ మధ్య చదును రోడ్డు మీద ఆటోలు కూడా దాటిపోతుంటే నిమ్మళంగా తిప్పేవారు. ఇంట్లో కారు పెట్టుకుని తోటకు బస్సులో పోయేవారు. ఆదివారమైతే షెడ్డుకొచ్చి, ఆయిలు కొలిచే పుల్ల తీసి నా ముక్కు దగ్గర పెట్టి, "పాసా, ఫెయిలా?" అని అడిగేవారు.

వేడిమీదున్న టర్బోకు ఆయిలు అందకపోతే కాలిపోతుంది, అందుకే బండి నిలిపాక ఇంజనును కాసేపు ఊరకే ఆడనిచ్చి ఆపాలి అని ఏదో మాటల్లో చెప్పాను. కారుకు ఇంకా టర్బోనే లేదు, ఆయన మాత్రం ఆరోజే అలవాటు మొదలుపెట్టారు. ఇల్లు చేరాక ఇంజను ఆడిస్తూ లోపలే కూర్చునేవారు. నేను ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తి, "ఆయన ఇంగా దిగలేదు నాయనా" అని నవ్వేది.

రింగులు కుదిరాయి, పొగ పోయింది. ఇంక బిగించమని సారు వచ్చేసరికి మహాలయ పక్షాలు. పోయినవాళ్లకు పిండాలు పెట్టే ఆ రోజుల్లో మావైపు కొత్తది ఏదీ మొదలుపెట్టరు, బండి చక్రం కింద నిమ్మకాయ పెట్టరు.

"పక్షాలు పోనీ సార్, ఆయుధపూజ నాడు బిగిస్తా" అన్నాను.

"ఇనుముకు పక్షాలు యాడివిరా?" అన్నారు. మళ్లీ తానే తగ్గి, నీ చేతిపని నీ ఇష్టంలే అని వెళ్లిపోయారు. ఆయన వాదించకుండా వదిలేయడం నేను చూసింది అదొక్కసారే. షెడ్డు నిండా బండ్లుండటంతో పక్షాలు నాకు సాకుగా కూడా పనికొచ్చాయి. రెండు రోజుల పని. పెద్దల రోజులని నేను ఆపితే, ఆయనే వెళ్లి పెద్దల్లో కలిశారు.

చలికాలం వచ్చాక అమ్మ ఫోన్ చేసి, కారు తీసుకుపోయి టర్బో బిగించమంది. బిగించి తెచ్చాను. నిమ్మకాయ పెట్టడానికి చెయ్యి రాలేదు. తోటకు పోదామంది. ముద్దనూరు గాటు మొదలుకాగానే అమ్మే ఏసీ వేయించింది. కారు మూడో గేరులో, ఎక్కడా తగ్గకుండా, లారీలను దాటుకుంటూ ఎక్కింది. అమ్మ చలికి కొంగు భుజాల మీదుగా కప్పుకుంది. ఏసీ తగ్గించబోతే వద్దని చెయ్యి ఊపింది.

"నేనే ఆగమంటి గదమ్మా" అన్నాను.

ఆమె కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది.

తోట దగ్గర నిలిపి తాళం మీద చెయ్యి వేశాను. అమ్మ తలుపు తీసి దిగుతూ, "అప్పుడే ఆపొద్దు నాయనా, ఆయన ఇంగా దిగలేదు" అంది.

నేనూ దిగాను. చీనీ చెట్ల కింద ఇద్దరం నిలబడ్డాం. ఎవరూ లేని కారులో ఇంజను ఆడుతూనే ఉంది.